నాలుగు వందల పన్నెండో సభ్యురాలు

కిందటి వారం పిచ్చుకను ఆఫీసు మెట్ల మీద కూర్చోబెట్టి వచ్చాం. ఆమె చేతిలో ఒక కాగితం, ఆ కాగితంలో నాలుగు వాక్యాలు. "మా లిఫ్టుకి ఈ మధ్య గొంతు పెట్టారు. నాలుగో అంతస్తు వచ్చిందని చెబుతుంది. ఏ మొహం పెట్టుకుని ఇంట్లో అడుగుపెట్టాలో మాత్రం చెప్పదు. అది తెలిసిన గొంతే చెప్పాలి."

ఆ లిఫ్టు పిచ్చుక వాళ్లుండే భవనంలోది. దానికి గొంతు పెట్టి మూడు నెలలైంది. ఆ మాటలు చెప్పిన మనిషి పిచ్చుక వాళ్లమ్మ. ఆవిడ పోయి పద్నాలుగు నెలలు.

ఈ వారమే మనతో కలిసినవాళ్లకు కాస్త వెనక్కి వెళ్లి చెప్పాలి. పిచ్చుక అన్నది చిన్నప్పుడు నోరు మూయకుండా ప్రశ్నలు వేస్తుందని వాళ్లమ్మ పెట్టిన ముద్దుపేరు. ముప్పై నాలుగేళ్లొచ్చినా అది వదల్లేదు. ఆమె పనిచేసే ఆఫీసు ఒక ఫర్నిచర్ షోరూం పైన, మూడో అంతస్తులో ఉంది. చుట్టుపక్కలవాళ్లు దాన్ని అభిప్రాయాల ఆఫీసు అంటారు. ఆరు వందల మంది సభ్యులకు నెలకోసారి ఫోన్ చేసి, ఆ నలభై ప్రశ్నలే మళ్లీ మళ్లీ అడుగుతారక్కడ. ఫోను వచ్చాక మనుషులు దగ్గరయ్యారా, దేవుణ్ణి ఎప్పుడు తలుచుకుంటారు, పక్కింటివాళ్లకు తాళంచెవి ఇచ్చి ఊరు వెళ్లగలరా, మనిషి మాట కన్నా యంత్రం చెప్పింది ఎక్కువ నమ్ముతారా, ఇలాంటివి. ఫోన్లు చేసే ఆడవాళ్లు తమ ఇళ్లలోంచే చేస్తారు. ఆ సంభాషణలను ఒక యంత్రం విని అక్షరాల్లో పెడుతుంది. ఆ కాగితాలు చదివి, ఒక్కో జవాబుకు ఒకటి నుంచి అయిదు దాకా ఒక అంకె వేయడం పిచ్చుక ఉద్యోగం. కాగితాల మీద పేర్లుండవు, నంబర్లుంటాయి. ఎనిమిది నెలలుగా ఆమె చేతిలో పడినవన్నీ వేరే నంబర్లు. పక్క సీటావిడ సెలవు పెట్టబట్టి, సోమవారం మొదటిసారి నాలుగు వందల పన్నెండు ఆమె బల్ల మీదికి వచ్చింది.

తల్లి ఆ సభ్యుల్లో ఒకరన్న సంగతే పిచ్చుకకు తెలియదు. కానీ నాలుగు పేజీలు చదివేసరికి తెలిసిపోయింది. ముప్పై ఏళ్లు కళ్లద్దాల దుకాణంలో పనిచేసి, వచ్చినవాళ్ల ముక్కుల గురించి మొహమ్మీదే నిజం చెప్పిన మనిషి. మొగుడు లిఫ్టులు బాగుచేసేవాడు. ఒక్కతే కూతురు, "ఫోనుని అడిగాక నన్ను అడుగుతుంది." ఇన్ని కలిసిన మనిషి ఇంకెవరుంటారు?

ఆ రాత్రి ఆమె ఎలా పడుకుందో చెప్పనక్కర్లేదు. మంగళవారం పొద్దున తొమ్మిదింటికి, బల్లల దగ్గరికి ఇంకా ఎవరూ రాకముందే, మేష్టారి గది తలుపు తట్టింది.

మేష్టారంటే ఆఫీసు పెద్ద. ఒకప్పుడు కాలేజీలో గణాంకాలు చెప్పేవారు. మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషిని కాకుండా, ఆ మనిషి పక్కనున్న గోడను చూసే అలవాటు. పిచ్చుక కాగితం ఆయన ముందు పెట్టి, రాత్రంతా లోపల తిప్పుకున్న మాట అడిగేసింది. పోయినవాళ్ల పాత జవాబులు యంత్రానికి మేపి, వాళ్ల బదులు దాని చేత మాట్లాడిస్తున్నారా అని. పోయినవాళ్ల ఇంట్లోవాళ్లకు కనీసం ఒక మాట చెప్పాలని ఎవరికీ తోచలేదా అని.

"ఈవిడ మా అమ్మ," అంది చివరికి.

మేష్టారు నాలుగు వాక్యాలూ చదవలేదు. పైనున్న నంబరు చూసి, కాగితాన్ని జాగ్రత్తగా పక్కకు జరిపారు. ఈ నంబరు కోసం ఎవరో ఒకరు వస్తారని చాలాకాలంగా ఎదురుచూస్తున్న మనిషిలా కనిపించారు.

ఆయన చెప్పింది ఇది. సభ్యులు ఫోనెత్తడం మానేస్తే మూడు నెలల దాకా వాళ్ల జవాబులను యంత్రం ఊహించి నింపుతుంది, ఆ మాట నిజమే. అయితే అలా నింపిన ప్రతి గడిలోనూ ఒక నక్షత్రం పడుతుంది. మూడు నెలలు దాటితే నంబరే కొట్టేస్తారు. నాలుగు వందల పన్నెండు వరసలో ఈ తొమ్మిదేళ్లలో ఒక్క నక్షత్రం కూడా లేదు.

ఆయన తన కంప్యూటరు తెరను ఆమె వైపు తిప్పారు. సన్నటి నీలం గీతలు. పన్నెండో ప్రశ్న, దేవుణ్ణి ఎప్పుడు తలుచుకుంటారు. ఎనిమిదేళ్ల చిల్లర ఒకటే జవాబు, అవసరం పడినప్పుడు. గీత బల్లపరుపుగా వెళ్లి, నాలుగు నెలల కిందట పైకి వంగింది. అక్కడి మాటలు మేష్టారు చదివి వినిపించారు. "ఈ మధ్య అవసరం లేకపోయినా తలుచుకుంటున్నాను. పాపం, ఆయనకి మాత్రం పొద్దు పోవద్దూ." ఏడో ప్రశ్న, ఫోను గురించి. ఎనిమిదేళ్లపాటు దాన్ని తిట్టని నెల లేదు. ఆర్నెల్ల కిందట గీత మారింది. "అది కూడా లేకపోతే నా సంగతి అడిగేవాళ్లెవరు?"

కింద షోరూంలో ఎవరో మంచం ఒకటి నేల మీద ఈడుస్తున్నారు.

"యంత్రం నింపితే గీత తిన్నగా పోతుంది. దానికి పాతదే తెలుసు," అన్నారు మేష్టారు. "పోయినవాళ్లు అభిప్రాయాలు మార్చుకోరమ్మా. ఈవిడ మార్చుకుంటోంది."

అంకెలు వేసేవాళ్లు గొంతులు వినకూడదన్నది ఆ ఆఫీసులో గట్టి నియమం. గొంతు వింటే జాలేస్తుంది, జాలేస్తే అంకె తప్పుతుంది అని ఉద్యోగంలో చేరిన రోజు చెప్పింది కూడా ఈ మేష్టారే. ఇప్పుడు ఆయనే సొరుగులోంచి స్పాంజి చిరిగిన హెడ్‌ఫోన్లు తీసి ఆమెకిచ్చి, పోయిన నెల రికార్డింగు పెట్టారు.

ముందు ఫోన్ చేసినావిడ గొంతు. నడివయసు మనిషి, తొందరలేని పలుకు. ఎలా ఉన్నారండీ అని అడిగింది. తర్వాత ఒక చిన్న దగ్గు. ఆ దగ్గు పిచ్చుక ప్రతి రోజూ పొద్దున వింటుంది. స్నానాల గదిలోంచి, పేపరు వెనకనుంచి, అన్నం కంచం ముందు నుంచి.

"ఆఁ, అడుగమ్మా," అన్నాడు నాన్న.

రోజుకు పది మాటలు మాట్లాడితే ఆ రోజు వాగినట్టు లెక్క ఆయనకు. అలాంటి మనిషి మాటలు కొలిచి కొలిచి, పాఠం అప్పజెబుతున్నట్టు చెప్పుకుపోతున్నాడు. "మా లిఫ్టుకి ఈ మధ్య గొంతు పెట్టారు. నాలుగో అంతస్తు వచ్చిందని చెబుతుంది..." మధ్యలో ఒకచోట, "మా ఆయనకి లిఫ్టు మాట్లాడితే నచ్చదు. ముప్పై ఆరేళ్లు వాటి మధ్యే ఉన్నాడు, ఒక్కటీ నోరెత్తలేదు. అందుకే వాటితో అంత బాగా పడింది," అని తన గురించి తానే చెప్పి, అమ్మ నవ్వే చోట నవ్వాడు. ఆ నవ్వు దగ్గర పిచ్చుక హెడ్‌ఫోన్లు తీసేసింది.

అక్షరాల్లో చదివినప్పుడు అది అమ్మ. చెవితో విన్నప్పుడు నాన్న. రెంటిలో ఏది ఎక్కువ భయపెట్టిందో ఆమెకు అంతుపట్టలేదు.

మేష్టారికి ఏడాదిగా తెలుసు. ఫోన్ చేసే ఆవిడ మొదటి నెలలోనే కాగితం అడుగున 'సభ్యురాలి తరఫున భర్త' అని రాసి పంపింది. యంత్రం ఆ ముక్కను పట్టించుకోలేదు, మేష్టారు పట్టించుకుని ఊరుకున్నారు. ఎందుకూరుకున్నారని పిచ్చుక అడిగితే ఆయన గోడకేసి చూస్తూ చెప్పారు, మొగుడు పెళ్లాం బదులు చెబితే ఒకటి రెండు నెలల్లో అది మొగుడి అభిప్రాయం అయిపోతుందట. ఇక్కడ అలా కాలేదు. "ముప్పై ఏళ్లు పిల్లలకి ఇదే చెప్పాను, గీత వంగితే కారణం వెతకమని. ఇది ఎందుకు వంగిందో నాకు అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని కొట్టేయడానికి చెయ్యి రాలేదు."

అయితే ఇప్పుడు కొట్టేయక తప్పదు. ఆఫీసులో పనిచేసేవాళ్ల బంధువులు సభ్యులుగా ఉండకూడదు. ఆ సభ్యురాలు బతికి లేదని ఇప్పుడు నోరు తెరిచి చెప్పిన మనిషి కూడా ఉంది. సాయంత్రం జాబితా పంపేలోగా నాలుగు వందల పన్నెండు ఉండదు. ఇవాళ నెలలో మొదటి మంగళవారం. ఎప్పటిలాగే పదకొండింటికి ఆ నంబరుకు ఫోన్ వెళుతుంది. అదే ఆఖరుది.

తెర ఆపేయబోతుంటే పిచ్చుక ఆయన చేతిని ఆపింది. అమ్మ పోయాక వచ్చిన పదమూడు ఫోన్లకు పదమూడు నిలువు వరసలు. అన్ని గడులూ నిండి ఉన్నాయి. ఒక్క అడ్డు వరస మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లగా ఉంది. అదేమిటని అడిగింది.

మేష్టారు ముప్పై ఒకటో ప్రశ్న చదివారు. "బాగయ్యే ఆశ లేదని వైద్యులు చెప్పాక కూడా యంత్రాల సాయంతో మనిషి ప్రాణాన్ని నిలపడం సరైనదేనని మీరు అనుకుంటున్నారా?"

పద్నాలుగు నెలల కిందట అమ్మ తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉంది. శనివారం వంటింట్లో పడిపోయిన మనిషి మళ్లీ కళ్లు తెరవలేదు. తొమ్మిదో రోజు డాక్టరు బయటికొచ్చి, ఇక ఊపిరి యంత్రానిదే, ఆవిడది కాదు అని చెప్పి, యంత్రం తీసేయడానికి ఒప్పుకుంటున్నట్టు ఒక కాగితం ఇచ్చాడు. నాన్న దాన్ని పట్టుకుని చదువుతూనే ఉండిపోయాడు, ఎంతసేపైనా పేజీ తిప్పలేదు. అప్పుడు పిచ్చుక ఆయన చేతిలోంచి తీసుకుంది. అమ్మ ఇలా ఉండటానికి ఎప్పటికీ ఒప్పుకోదండీ అని డాక్టరుతో చెప్పి సంతకం పెట్టింది. ఇంట్లో ఆ సంతకం ఊసు మళ్లీ రాలేదు. నాన్న ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడాన్నే ఆమె పద్నాలుగు నెలలుగా మోస్తోంది.

"అంతకుముందు మా అమ్మ ఏం చెప్పింది?" అని అడిగింది.

"ఎనిమిదేళ్లూ ఒకటే జవాబు. అప్పుడు నాకు నోరుండదు కదా, మా ఇంట్లోవాళ్లని అడగండి అని. దానికి అంకె వేయలేక మూడు వేసేవాళ్లం." మేష్టారు మొదటిసారి ఆమె మొహంలోకి చూశారు. "ఆసుపత్రికి వెళ్లే ముందు ఆఖరిసారి మాత్రం వేరేగా చెప్పారు. ఏం చెప్పారో ఇక్కడ లేదు. రికార్డు ఆపమన్నారు. సభ్యులు ఆపమంటే ఆపాలి. విన్నది ఫోన్ చేసినావిడ ఒక్కర్తే."

ఇంటికెళ్లే బస్సులో కూర్చున్నాక గాని టిఫిన్ డబ్బా ఆఫీసులోనే మర్చిపోయానని పిచ్చుకకు తెలియలేదు. ఎదుటి సీట్లో ఒకావిడ పక్కనున్న కూతురికే ఫోనులో ఏదో పంపింది. కూతురు చదివి, తల ఎత్తకుండానే నవ్వింది. అమ్మ ఉంటే దీనికి ఒక మాట అనేది. ఏమనేదో పిచ్చుకకు తట్టలేదు. ఎంత ప్రయత్నించినా తట్టలేదు. నాన్నకైతే తట్టి ఉండేది. ఇన్నాళ్లూ అమ్మను ఎక్కువ ఎరిగినది తానే అనుకుంది. ఆ నమ్మకం మీదే కదా సంతకం పెట్టింది.

లిఫ్టు కిందే నిలబడి ఉంది. దాని గొంతు వినే ధైర్యం లేక మెట్లెక్కింది. తలుపు తన తాళంచెవితో తీసేసరికి పదకొండుకు ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది.

నాన్న భోజనాల బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, తడి దువ్వెనతో వెనక్కి దువ్విన జుట్టు. ముందు ఒక గ్లాసు మంచినీళ్లు, అమ్మ పాత ఫోను, ఒక రూళ్ల పుస్తకం. పెళ్లికి పిలుపు వచ్చిన మనిషిలా తయారై ఉన్నాడు. కూతుర్ని చూసి పుస్తకం మీద చెయ్యి పెట్టాడు గాని దాచలేదు.

"సెలవా?" అన్నాడు.

పిచ్చుక చెప్పులు కూడా విప్పలేదు. "నాలుగు వందల పన్నెండు నువ్వేనా నాన్నా?"

"నేను కాదు. మీ అమ్మే," అన్నాడు. "నేను చెబుతానంతే."

ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. రూళ్ల పుస్తకాన్ని తనవైపు లాక్కుంటే ఆయన అడ్డుపడలేదు. లిఫ్టు రిపేర్ల చిట్టా రాసే అదే గుండ్రటి దస్తూరి. ఎడమవైపు ఆ నెలలో ఆయన చూసినవి, కుడివైపు వాటికి అమ్మ అనబోయేవి. 'పేపర్లో: రోగం ఏమిటో యంత్రమే చెప్పేస్తోందట.' దానికెదురుగా, 'నాలుక చూపించమనకుండా నా రోగం చెప్పేవాడెవడు.' 'పై వాటాలో పెళ్లి, చూపులు కూడా ఫోన్లోనే.' దానికెదురుగా రాసింది కొట్టేసి, మళ్లీ రాసి, మళ్లీ కొట్టేసి, చివరికి, 'మా పెళ్లి మాత్రం ఏం తేడా. ఫొటో చూసే కదా.' కొట్టేసిన మాటల దగ్గర పెన్ను కాగితంలో దిగబడింది.

తర్వాత ఆయన చెప్పినది ఆమె ఎప్పుడూ ఆయన నోట విననంత పొడుగు. మొదటి నెల ఫోన్ మోగినప్పుడు, ఆవిడ పోయిందమ్మా అని చెప్పేద్దామనే ఎత్తాడు. అటువైపు మనిషి ఆ అవకాశం ఇవ్వకుండా మొదటి ప్రశ్న అడిగేసింది, ఈ నెలలో కొత్తగా ఎవరి మీదైనా నమ్మకం కుదిరిందా అని. దానికి ఆవిడైతే ఏమంటుందా అని ఒక్క క్షణం ఆలోచించాడు. జవాబు వచ్చింది. తన నోట్లోంచే వచ్చింది, కానీ తనది కాదు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన ఏ విషయం మీదా అభిప్రాయం చెప్పి ఎరగడు. ఇద్దరికీ సరిపడా ఆవిడే చెప్పేది. ఆవిడ వెళ్లాక ఇంట్లో అన్నీ ఉన్నాయి, అభిప్రాయాలే లేవు. ఆ నలభై ప్రశ్నలూ అయ్యాక ఇల్లు మళ్లీ ఎవరో మసిలిన ఇల్లులా అనిపించింది.

రెండో నెల నుంచి ముందుగా తయారవడం మొదలుపెట్టాడు. పేపరు ఆవిడ చదివినట్టు వెనక పేజీ నుంచి చదివాడు. దారిలో మనుషుల మొహాలు ఆవిడ చూసినట్టు చూశాడు. గుళ్లలోకి, దుకాణాల్లోకి ఆవిడతో ఎన్నడూ వెళ్లనివాడు ఇప్పుడు వెళ్లి, గుమ్మంలో నిలబడి, దీనికేమంటావ్ అని లోపల అడిగాడు. "కొన్నింటికి పాత జవాబు చెప్పబోతే ఒప్పుకోవడం లేదమ్మా," అన్నాడు. "వద్దు, అలా రాయకు అన్నట్టే ఉంటుంది. నేనేం చేయను, మార్చి రాస్తున్నాను."

పట్టపగలే అయినా, అమ్మ కూర్చునే మూడో కుర్చీ వైపు పిచ్చుక చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది.

కోపం అప్పుడు వచ్చింది. ఎనిమిది నెలలుగా తాను ఆ ఆఫీసులోనే పనిచేస్తోందని తెలిసి కూడా ఒక్క మాట చెప్పలేదని, ఎవరో తెలియని మనిషితో పంచుకున్నది కూతురితో పంచుకోలేకపోయాడని, చచ్చిపోయిన అమ్మ జవాబు ముక్క ముక్కగా చదువుకుని తను మెట్ల మీద కూలబడితే ఎత్తడానికి కూడా ఎవరూ లేరని, వరసగా అనేసింది. ఆయన అన్నీ విన్నాడు. చివరికి ఆమె అసలు మాట దగ్గరికి వచ్చింది.

"అన్నిటికీ చెప్పావు. ముప్పై ఒకటి ఎందుకు వదిలేశావు? నేను సంతకం పెట్టింది తప్పనేగా?"

నాన్న గ్లాసెత్తి నీళ్లు తాగాడు.

"నలభైలో ముప్పై తొమ్మిదింటికి మీ అమ్మ ఏమంటుందో నాకు తెలుసు," అన్నాడు. "దానికొక్కదానికే తెలియదు. తెలియనిదానికి ఆవిడ నోట్లో మాట పెట్టలేను."

"నేను పెట్టాను," అంది పిచ్చుక.

పక్క వాటాలో కుక్కర్ కూత పెట్టి ఆగిపోయింది. ఆయన ఆ మాటను కాదనలేదు. బల్ల మీద చెయ్యి జరిపి ఆమె మణికట్టు పట్టుకుని, అలాగే ఉంచాడు.

ఆఖరి ఫోన్ వచ్చిన మంగళవారం సంగతి అప్పుడు చెప్పాడు. ఎప్పుడూ ఆయన ముందే కూర్చుని మాట్లాడే మనిషి, ఆ రోజు సగంలో ఫోను చేత్తో మూసి, గడియారానికి బ్యాటరీ అయిపోయింది, వెళ్లి తీసుకురా అంది. గడియారం ఆడుతూనే ఉంది. ఆయన వాదించలేదు, ఎప్పుడు వాదించాడు గనక. తిరిగొచ్చేసరికి పడగ్గది తలుపు లోపల గడియ. గంట దాటింది. తలుపవతల మాటలు అందలేదు. ఒక్కసారి మాత్రం 'పిచ్చుక' అన్న మాట వినిపించింది. బయటికొచ్చాక మొహం కడుక్కుని, బ్యాటరీ వేశావా అని అడిగింది. అంతే. శనివారం పడిపోయింది.

పదమూడు నెలలుగా ఫోన్ చేసే ఆవిడ ముప్పై ఒకటో ప్రశ్న అడుగుతుంది, ఆయన ఊరుకుంటాడు, ఆవిడ కొంతసేపు ఆగి ముప్పై రెండుకు వెళుతుంది. పోయిన నెల మాత్రం వెళ్లలేదు. ఆవిడ ఏమన్నారో చెప్పనా అండీ అని అడిగింది. నాన్న ఫోన్ పెట్టేశాడు.

"ఎందుకు?"

"తీసేయమని చెప్పి ఉంటే సరే. నువ్వు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటావు." ఆయన ఆమె మణికట్టు వైపే చూస్తున్నాడు. "ఉంచమని చెప్పి ఉంటే నిన్నెలా చూడాలి నేను? ఆవిడని ఎలాగూ పోగొట్టుకున్నాను. నువ్వున్నావు."

పద్నాలుగు నెలలు పిచ్చుక ఆయన మౌనంలో తన మీద ఫిర్యాదు విన్నది. ఆయన ఆ మౌనాన్ని అడ్డుగోడలా పట్టుకుని నిలబడ్డాడు, అవతలి నుంచి వచ్చేది ఏదైనా ముందు తనకే తగిలేలా. ఆమె తల వంచి నుదురు ఆయన చేతి మీద ఆనించింది. ఏడ్చింది. ఆయన రెండో చెయ్యి ఆమె జుట్టు మీద పెట్టాడు. అలా ఎంతసేపున్నారో, బల్ల కొద్దిగా అదిరింది.

అమ్మ ఫోను మోగుతోంది.

అలవాటుగా నాన్న చెయ్యి అటు వెళ్లింది. పిచ్చుక చెయ్యి ముందు వెళ్లింది. కాసేపు ఇద్దరూ పట్టుకునే ఉన్నారు. అయిదోసారి మోగాక ఆయన వదిలేశాడు.

ఆమె పచ్చ గుర్తు నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. రికార్డింగులో విన్న అదే గొంతు, తొందరలేని అదే పలుకు. ఎలా ఉన్నారండీ, మొదలుపెట్టనా అని అడిగింది.

"మొదలుపెట్టండి," అంది పిచ్చుక. "ముప్పై ఒకటి నుంచి."

అటువైపు కాగితాల చప్పుడు ఆగిపోయింది. కుర్చీ జరిగిన శబ్దం. మళ్లీ మాట్లాడినప్పుడు ఆ గొంతులో ఉద్యోగం లేదు.

"పిచ్చుకవి కదూ."

ఆమె ఔనంది. ఆ పేరు ఎవరు చెప్పారని అడగలేదు.

"డాక్టరుకు చూపించుకున్న మర్నాడు మాట్లాడారమ్మా నాతో. గుండె ఎక్కువ రోజులు మోయదని ఆవిడకి ముందే తెలుసు. మీ ఇద్దరికీ చెప్పలేదన్నారు." అటువైపు మనిషి ఊపిరి తీసుకుంది. "జవాబు నా దగ్గరుంది. ఒకటి కాదు, రెండున్నాయి. ఏది చెప్పాలో తేల్చుకోవడానికి ముందు ఒక మాట అడగమన్నారు. నిజం చెప్పాలి మరి."

"అడగండి."

"ఆసుపత్రిలో కాగితం మీద సంతకం పెట్టింది ఎవరు? నువ్వా, మీ నాన్నగారా?"

అది పాత ఫోను. గొంతు బయటికి వినిపిస్తుంది. పిచ్చుక తలెత్తి చూసేసరికి నాన్న లేచి నిలబడి ఉన్నాడు, బల్ల అంచును రెండు చేతులతో పట్టుకుని.

"మీ నాన్నే పెట్టాడని చెప్పు," అన్నాడు.